సరాసరికి అందని పొద్దులు

మా ఊరి హైస్కూలుకు కొత్తగా లెక్కల టీచరుగా వచ్చిన అమ్మాయి పోయిన నెలలో ఒకరోజు మా గేటు దగ్గర ఆగింది. లోపలికి రాలేదు. ముందు మా డాబా వైపు చూసింది.

"ఆ మిద్దె మీద ఒక చెక్క పెట్టె ఉండేదా అమ్మా?" అంది.

ఉండేదన్నాను.

"మా అబ్బా, అంటే మా నాయన, పెట్టిండు. ఆయన పోయి ఏడాదైంది."

లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. చివరి నాలుగైదేళ్ళు దగ్గుతో చాలా అవస్థపడ్డాడట. మంచంలో ఉన్నా కిటికీ తెరిపించి, ఆకులు ఎటు ఊగుతున్నాయో చూసి చెప్పమనేవాడట. మా ఇంటి గురించి ఏమైనా చెప్పేవారా అని అడిగాను.

"మీ ఊర్ల గాలి మంచిగ లేకుండె గాని, మీ ఇంట్ల మజ్జిగ మంచిగుండె అనేటోడు" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఇంకో మాట కూడా చెప్పి ఉంటాడేమోనని ఆ పిల్ల ముఖం చూస్తూ కూర్చున్నాను. చెప్పినట్టు లేదు. చెప్పి ఉంటేనే బాగుండేదనిపించింది.

ఆయన తన పేరు మాకు రెండుసార్లు చెప్పాడు. ఆ పేరుతో మేమెవరం పిలవలేదు. ఊరందరికీ ఆయన గాలి సారు.

మా మామగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఏన్కూరు అవతల అడవి అంచున భూమి కొని మిరప వేసిన మనిషి. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది ఎనభైల మొదట్లో. అప్పటికే చేలకు ఈశాన్యాన ఒక ఫ్యాక్టరీ ఉంది. గంధకం కాల్చి యాసిడ్ తయారుచేసేవారు. ఫ్యాక్టరీ గొట్టానికీ అడవికీ మధ్యలో మా చేలు. చేలు దాటితే వాగు, వాగు దాటితే గుట్ట, గుట్ట మీద కోయల గూడెం.

నేను కాపురానికి వచ్చిన ఏడే గాలి సారు మా వాకిట్లోకి వచ్చాడు. బస్సు టాపు మీది నుంచి సైకిలు దింపుకొని, క్యారియరుకు ఒక పెట్టె కట్టుకొని వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, ఎదురుగాలికి నడుస్తున్నట్టు ముందుకు వంగి నడిచే మనిషి. నలభై దాటి ఉంటాయి.

"గాలి చూసే ఆఫీసు నుంచి వచ్చిన. మీ మిద్దె మీద క్యాండిల్ పెట్టాలె" అన్నాడు.

"పట్టపగలు కొవ్వొత్తి ఏమిటయ్యా? ఎవరైనా పోయారా?" అంది మా అత్తయ్య.

ఆయన నవ్వలేదు. పెట్టె తెరిచి చూపించాడు. కిటికీ రెక్కల్లా ఏటవాలు పలకలు బిగించిన పెట్టె. లోపల ఒక గొట్టం, దానికి గుడ్డ చుట్టి ముదురు గోధుమరంగు ముద్ద ఏదో పూశారు.

"వెలిగేది కాదమ్మా. అంటుకునేది. గాలిల గంధకం పొగ ఎంతుంటే అంత దీనికి అంటుకుంటది" అన్నాడు.

నెలకోసారి వచ్చి పాతది విప్పి, కొత్తది పెట్టి, పాతదాన్ని కాగితంలో చుట్టి పట్నం పంపేవాడు. చేసే పని పది నిమిషాలది. దానికి గంట పట్టేది. ముందు చొక్కా జేబులోంచి అగ్గిపెట్టె తీసేవాడు. అందులో అగ్గిపుల్లలుండవు, బూరుగు దూది ఉంటుంది. చిటికెడు తీసి వదిలి, అది కనబడకుండా పోయేదాకా చూసేవాడు. ఆ తర్వాతే పెట్టె ముట్టుకునేవాడు. పనయ్యాక మెట్ల మీద మూడో మెట్టున కూర్చొని మజ్జిగ తాగేవాడు. మంచం వాల్చినా కూర్చునేవాడు కాదు. రంజాన్ ఉపవాసాల నెలలో ఒకసారి అత్తయ్యకు గుర్తులేక గ్లాసు తెచ్చి ఎదురుగా నిలబడితే, "మీరు తాగుండ్రి అమ్మా, నేను చూస్త" అన్నాడు. ఆయన వేళాకోళం అంతవరకే.

బీడీ అలవాటుండేది. కాని మా గేటు దాటి, రోడ్డు దాటి, అవతల కల్వర్టు మీదికి పోయి తాగివచ్చేవాడు.

"ఆ గొట్టం అంత పొగ ఊదుతుంటే నీ బీడీ ఒక లెక్కా?" అన్నారు మామగారు ఒకసారి.

"దాని పాపం దానిది పెద్దయ్యా. నా బీడీ పాపం పెట్టె మీద పడొద్దు."

ఏదడిగినా ముందు "అవ్..." అని సాగదీసి, కాసేపాగి "అయితే" అనేవాడు. ఆ అయితే తర్వాత ఏం వస్తుందోనని ఎదురుచూడాలి. చాలాసార్లు ఏమీ వచ్చేది కాదు. గాలి బాగుందా సారూ అంటే మాత్రం ఎప్పుడూ ఒకటే జవాబు. "నాకు తెల్వదు. పెట్టెకు తెలుస్తది."

వాళ్ళది ఖమ్మం ఖిల్లా దగ్గర గిన్నెలకు కలాయి వేసే కుటుంబం. కలాయికి వాడే నవాసారం పొగలోనే వాళ్ళ నాయన ఊపిరితిత్తులు పోయాయని చెప్పాడు. తనను ఎనిమిదో తరగతి నుంచి కొలిమి దగ్గరికి రానివ్వలేదట. చదివించి, ల్యాబులో ఉద్యోగంలో చేర్చాకే కన్నుమూశాడట. "పొగ నుంచి తప్పియ్యాలని చూసిండు మా నాయన. నేను పోయి పొగ ఉద్యోగంలనే పడ్డ" అన్నాడు.

మా వైపుకు రాకముందు చాలా ఏళ్ళు పట్నంలో ఇదే పని చేశాడు. ఒకరోజు నేను అడిగితే, డాబా మీద బొగ్గుముక్కతో పట్నం బొమ్మ గీసి చూపించాడు. ఇది ఫ్యాక్టరీల దిక్కు, ఇది స్టేషను, ఇది పెద్ద చెరువు, ఇవి బంగళాలు.

"ఒకటే పట్నం గాని ఒక్కొక్క గల్లీకి ఒక్కొక్క గాలి అమ్మా. ఫ్యాక్టరీల దిక్కు పెట్టెకు పొగ జల్దీ పడ్తది. చెరువు గట్టు మీద నెలైనా కొత్తదాని లెక్కనే ఉంటది. ఎండకాలం పొగ పైకెళ్ళి పోతది. చలికాలం పొద్దుగాల గాలి మెసలదు. పొగ కిందికొచ్చి కూసుంటది. పది కొట్టినంక లేస్తది. దినాం గట్లనే."

"అది తెలిసి కూడా జనం అక్కడే ఉంటారా?"

"కిరాయి తక్కువ గదా" అని బొగ్గుముక్క పారేశాడు.

అలా రెండేళ్ళు గడిచాయి. పెట్టె ఏం చెప్పిందో మాకెవరూ చెప్పలేదు, మేమూ పట్టుబట్టి అడగలేదు. పొగ వాసన ఎప్పుడైనా వచ్చేది, గొంతులో గీరినట్టుండేది, పోయేది.

మూడో ఏడు చలికాలంలో ఒక తెల్లవారుజామున అత్తయ్య పాలు పిండడానికి దొడ్లోకి పోయి కేక వేసింది. నేను పరుగెత్తాను. చేల మీద తెల్లగా పరుచుకొని ఉంది. మంచనుకున్నాను. నాలుగడుగులు వేసేసరికి గుప్పెడు అగ్గిపుల్లలు ముక్కు కిందే గీసినట్టు అయింది. కళ్ళు తెరవలేకపోయాను. అత్తయ్య గేదె పక్కన కూలబడి, నోరు తెరిచి గాలి కోసం తన్నుకుంటోంది. నేనూ మావారూ ఎలా మోసుకొచ్చామో తెలియదు. ట్రాక్టరు మీద పడుకోబెట్టి ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్ళాం. పన్నెండు రోజులుంది. తిరిగొచ్చాక కూడా ఆమెకు మునుపటి ఊపిరి రాలేదు. నాలుగు మాటలకోసారి ఆగేది.

మర్నాటికి మిరప ఆకులు ఒక ఈనెకూ ఇంకో ఈనెకూ మధ్య తెల్లగా పాలిపోయాయి. వారానికి రాలిపోయాయి. కాపు మీదున్న చేలు. ఊరంతా కలిసి అర్జీ పెట్టుకుంటే, స్కూల్లో విచారణ జరిపించారు. బయటి నుంచి ఒక అధికారి వచ్చాడు. ఫ్యాక్టరీ వాళ్ళు ఒక పక్క కూర్చున్నారు. గాలి సారు కాగితాలు పట్టుకొని గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

"ఆ నెల సరాసరి ఎంత?" అన్నాడు అధికారి.

సారు అంకె చెప్పాడు.

"హద్దు లోపలేనా?"

"లోపల్నే సార్."

మామగారు లేచి నిలబడ్డారు. "సారూ, మీరు మా చేను చూశారు. మా ఇంటామెను చూశారు. చెప్పండి."

"చూసిన పెద్దయ్యా" అన్నాడు. అధికారి వైపు చూశాడు. అధికారి అప్పటికే రాసుకుంటున్నాడు.

విచారణ అక్కడితో అయిపోయింది. మామగారు ఇంటికొచ్చి డాబా ఎక్కి, పెట్టె పీకి తెచ్చి గేటు బయట పెట్టారు. వెనకాలే సైకిలు నడిపించుకుంటూ సారు వచ్చాడు.

"మా మజ్జిగ తాగి మా మీదే సాక్ష్యం చెప్పావు. తీసుకెళ్ళు" అన్నారు మామగారు.

"పెట్టె అబద్ధం చెప్పలే పెద్దయ్యా. ముప్పై దినాల్ల ఇరవై తొమ్మిది మంచిగున్నయి. ఒక్క దినం విషం. అన్ని కలిపి పంచితే ఆ విషం కనవడది. వాళ్ళు నెలదే అడిగిండ్రు. ఆ పొద్దుది అడగలే."

"నువ్వెందుకు చెప్పలేదు?"

సారు వంగి పెట్టె ఎత్తుకున్నాడు. "ఆ పొద్దుది నా దగ్గర లేదు" అని, పెట్టె కట్టుకొని పోయాడు.

ఇక రాడనుకున్నాం. మళ్ళీ చలికాలం మొదలయ్యాక ఒక పొద్దున, ఇంకా మసకగా ఉండగానే, గేటు దగ్గర సైకిలు గంట వినబడింది. ఈసారి పెట్టె లేదు. గోనెసంచిలో గడ్డి చుట్టి రెండు పెద్ద గాజు సీసాలు, రబ్బరు గొట్టాలు, ఒక చిన్న బుడ్డి తెచ్చాడు. ఆఫీసు పని కాదనీ, సెలవు పెట్టి వచ్చాననీ, ఏన్కూరులో తెలిసినవాళ్ళ ఇంట్లో పడుకుంటున్నాననీ చెప్పాడు. మామగారు ముఖం తిప్పుకొని వద్దన్నారు.

మంచం మీదున్న అత్తయ్య లేచి కూర్చుంది. "నేను ఊపిరాడక చావబోయింది సరాసరిన కాదు" అంది. ఆగి, ఊపిరి తీసుకుంది. "పెట్టనివ్వండి."

పెట్టాడు. చూడ్డానికి పిల్లల ఆటలా ఉండేది. పై సీసాలోంచి నీళ్ళు కింది సీసాలోకి కారుతుంటే, ఖాళీ అయిన చోటు నింపడానికి బయటి గాలి చిన్న బుడ్డిలోంచి బుడగలుగా లోపలికి వెళ్ళేది. బుడ్డిలో గంజి, అయోడిన్ కలిపిన నీలిరంగు నీళ్ళు. గంధకం పొగ తగిలితే నీలం పోయి మామూలు నీళ్ళలా అవుతుంది. ఎంత తొందరగా రంగు పోతే అంత పొగ ఉన్నట్టు.

ఆయన సెలవు పద్నాలుగు రోజులు. రోజూ తెల్లవారకముందే వచ్చి, శాలువా కప్పుకొని, బుడ్డి ముందు గొంతుకూర్చునేవాడు. పది దాటేదాకా కదిలేవాడు కాదు. పద్నాలుగు రోజులూ నీలం నీలంగానే ఉంది. పొగ పడాలని కోరుకోవడం ఏం బతుకో అని ఒకరోజు తనలో తనే అనుకుంటుంటే విన్నాను. చివరి రోజు నన్ను పిలిచాడు.

"పొద్దుగాల ఈ ఇంట్ల అందరికన్న ముందు లేచేది ఎవరమ్మా?"

"నేనే."

"అయితే..." అని ఆగాడు. ఆ ఒక్కసారి అయితే తర్వాత మాట వచ్చింది. "నీళ్ళు విడువుడు, టైము రాసుడు. రెండే పనులు. చేస్తవా?"

చేస్తానన్నాను. ఇంటర్ తప్పి పెళ్ళి చేసుకున్నదాన్ని. అంతవరకు నన్నెవరూ ఒక పని చేతనవుతుందా అని అడగలేదు.

మూడు వారాలు ఏమీ జరగలేదు. తర్వాత ఫ్యాక్టరీ ఏదో రిపేరుకని ఆగింది. ఐదు రోజులు గొట్టంలోంచి పొగే రాలేదు. ఆరో రోజు తెల్లవారుతుండగా, మళ్ళీ పని మొదలైందని ఫ్యాక్టరీ సైరను మోగింది. కొంగు ముక్కుకు కట్టుకొని డాబా ఎక్కి నీళ్ళు వదిలాను. పై సీసాలో బెత్తెడు నీళ్ళు తగ్గకముందే నీలం వెలిసిపోయింది. నా కళ్ళు నేనే నమ్మలేక రెండో బుడ్డి పెట్టాను. అదీ అంతే. వెనక్కి తిరిగితే మామగారు తువ్వాలు ముక్కుకు అడ్డంపెట్టుకొని నిలబడి ఉన్నారు. రెండో బుడ్డి తెల్లబడటం ఆయన కూడా చూశారు.

"మీ సారు మళ్ళీ ఎప్పుడొస్తాడు?" అన్నారు.

ఆ చలికాలంలో అలాంటి పొద్దులు మూడు. మూడూ ఫ్యాక్టరీ ఆగి మళ్ళీ మొదలైన రోజులే. సారు వచ్చి నా నోట్‌బుక్ చూసి, ఒక్కొక్క గీతా వేలుతో తడుముతూ చదివాడు. "కొలిమి సల్లగున్నప్పుడు రాజేస్తె గంధకం పొగ యాసిడ్ గాకుండనే బయటికొస్తది. దానికి తోడు పొద్దుగాల గాలి మెసలదు. ఇగ పోతదేడికి? మీ నెత్తి మీదికే" అన్నాడు. అన్నీ సాఫుగా రాసి, కింద తన సంతకం పెట్టి పైకి పంపాడు. నా పేరు రాయలేదు. రాస్తే నాకు ఇబ్బంది అన్నాడు.

పైనుంచి మెమో వచ్చింది. ఆఫీసుది కాని సామానుతో, సెలవులో, ఎవరు చెప్పారని కొలిచావని. ఆయనకు జీతం పెరగాల్సింది ఆపారు. కాని ఆ కాగితం ఎక్కడెక్కడ తిరిగిందో, ఫ్యాక్టరీ వాళ్ళే ఒకరోజు మామగారి దగ్గరికి వచ్చి మర్యాదగా మాట్లాడిపోయారు. తప్పు ఒప్పుకోలేదు. ఎండాకాలంలో గొట్టం ఎత్తు పెంచడం మొదలుపెట్టారు. వానలు పడేనాటికి అది పాతదానికి రెండింతలైంది. పంట పోగొట్టుకున్న ఇళ్ళలో ఇంటికొక ఉద్యోగం కూడా ఇచ్చారు. మావారు స్టోర్సులో గుమాస్తాగా చేరారు.

ఆ ఏడు మిరప విరగకాసింది. అత్తయ్య దొడ్లోకి నడిచి వెళ్ళగలుగుతోంది. కళ్ళం నిండా ఎర్రగా తొలికోత కాయలు ఆరబోసి ఉండగా సారు వచ్చాడు. మామగారు ఎదురువెళ్ళి సైకిలు పట్టుకున్నారు. అత్తయ్య మజ్జిగ తెచ్చింది. ఆయన తాగి, నాతో పాటు డాబా ఎక్కి, దూది వదిలి, గొట్టం చివర వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మీకు మంచిగైంది" అన్నాడు.

"మీ వల్లే సారూ."

"అవ్..." అన్నాడు. కాసేపటికి, "పొగ తక్కువ కాలేదమ్మా. ఎత్తెక్కింది" అని చెయ్యి చాచాడు. పొగ మా చేల మీదుగా, వాగు మీదుగా, ఒక చారలా సాగి, గుట్టకు తగిలి అక్కడే వంగుతోంది. గూడెం ఇళ్ళు ఇక్కణ్ణుంచి కనబడవు. చెట్లు మాత్రం కనబడతాయి. గుట్టకు ఈ పక్క చెట్ల కొనలు మోడుగా ఉన్నాయి.

"నేను పోయొచ్చిన. పిల్లలు దగ్గుతున్నరు. నాకు వాళ్ళ మాట రాదు, నా మాట వాళ్ళకు సగమే తెలుస్తది. నువ్వు ఒక్క వారం వచ్చి ఎవరన్న ఆడమనిషికి చేసి చూపిస్తె నేర్చుకుంటరు. వాగు దాటితే నడిచేటంత దూరమే."

నేను ఆయన ముఖం చూడలేదు. కళ్ళంలో ఆరుతున్న కాయల వైపు చూశాను.

"మావారికి అక్కడ ఉద్యోగం వచ్చింది సారూ" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. ఏదో బరువు ఎత్తుకోబోయి, ఇప్పుడు వద్దులే అనుకున్నట్టు భుజాలు దించాడు. "అవ్, కరెక్టే గదా" అన్నాడు. "నౌకరీ." మెట్ల దగ్గర పెట్టి ఉన్న సీసాలు, గొట్టాలు గోనెసంచిలో సర్దుకున్నాడు. ఒక సీసా మూత నా చేతిలోనే ఉండిపోతే అడిగి తీసుకున్నాడు. సైకిలు రోడ్డు వైపు కాకుండా వాగు వైపు తిప్పాడు. మామగారు అరుగు మీది నుంచి, "ఎటు వెళ్తున్నాడమ్మా ఆయన?" అన్నారు. నాకు తెలియదన్నాను.

తర్వాత ఆయన మా ఇంటికి రాలేదు. గూడేనికి మాత్రం ఆ చలికాలమంతా, తర్వాత చలికాలాలూ వచ్చిపోయేవాడని వాగు దాటి కట్టెలకు పోయేవాళ్ళు చెప్పేవారు.

ఆ ఏడే చలి ముదిరాక ఒక పొద్దున గూడెం నుంచి ఒకావిడ వచ్చింది. నా ఈడుదే. నాలుగేళ్ళ పిల్లను వీపుకు కట్టుకొని వాగు దాటి పరుగున వచ్చింది. పిల్ల పెదాలు నల్లబడి ఉన్నాయి. ఛాతీ లోపలికి పోయి బయటికి వస్తోంది. సారు నిన్ననే ఊరికి వెళ్ళిపోయాడనీ, ఏమైనా అయితే మీ ట్రాక్టరు అడగమన్నాడనీ, వచ్చీరాని తెలుగులో చెప్పింది. మామగారు ఒక్క మాట అడగలేదు. ట్రాక్టరు తీయడానికి పరుగెత్తారు. అత్తయ్య ఆ పిల్ల వీపు రాస్తూ, దానితోపాటు తనూ ఊపిరి కూడగట్టుకుంటున్నట్టు కూర్చుంది.

ఇంజను స్టార్టయ్యేలోపు నేను ఆమెను అడిగాను. "బుడ్డిలో నీళ్ళు ఎవరు వదులుతారు?"

"నేనే" అంది.

"తెల్లగా అవుతోందా?"

అవుతోందన్నట్టు తల ఊపింది.

"ఎంతసేపటికి?"

ఆమె దగ్గర గడియారం లేదు. రెండు అరచేతులు నోటి దగ్గర గొట్టంలా పెట్టి, పొయ్యి ఊదినట్టు ఊది చూపించింది. "ఇట్ల ఊదితె, మంట లేచేదాక" అంది.

పొయ్యి ఊదడం నాకు తెలుసు. మా అత్తయ్య పడిపోయిన పొద్దు లాంటివి మూడు నేను డాబా మీద కొలిచాను. వాటిలో ఏ పొద్దునా బుడ్డి అంత తొందరగా తెల్లబడలేదు.

ట్రాక్టరు వెళ్ళిపోయింది. ఆ పిల్ల బతికింది. ఫ్యాక్టరీ ఇంకో ఆరేడేళ్ళు నడిచి నష్టాలొచ్చి మూతపడింది. సారు ఆ తర్వాత పంపిన కాగితాలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు.

ట్రాక్టరు వెళ్ళిన ఆ రోజు మధ్యాహ్నం మావారు డ్యూటీ దిగి భోజనానికి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ ట్రాక్టరు ఏదని అడిగారు. గూడెం పిల్లకు బాగోలేదంటే మామయ్య దవాఖానాకు తీసుకెళ్ళారన్నాను.

"ఏమైందట?" అన్నారు.

పీట వేసి, కంచం పెట్టి, అన్నం వడ్డించాను.

"జలుబట" అన్నాను.